నీ పొరుగువాని కథ విన్నావా?



2014 అక్టోబరు 12వ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. అది ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులతో హుద్‌హుద్ తుఫాను మన విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. మధురవాడలో మా ఇంట్లో తలుపుకు మంచం అడ్డం పెట్టి, పిల్లలను మధ్యగదిలో కూర్చోబెట్టి, జపమాల చెప్పుకొంటూ ఆ పగలంతా గడిపాం. మరునాడు తెల్లవారి బయటకు వస్తే ఎదురుగా కంబాలకొండ మీద పచ్చదనం లేదు. నిలబడిన కరెంటు స్తంభం లేదు. ఫోను లేదు. నీళ్ళ బిందె కోసం, పాల ప్యాకెట్టు కోసం ఉన్నవారూ లేనివారూ ఒకే వరుసలో నిలబడ్డాం.

ఆ వారం రోజులూ మనం ప్రపంచానికి ఒక వార్త. మన ఊరి పేరు దేశదేశాల టీవీల్లో వినబడింది. ఇన్ని చెట్లు కూలాయి, ఇన్ని ఇళ్ళు పడ్డాయి, ఇన్ని కోట్ల నష్టం అని చెప్పారు. అవన్నీ నిజమే. కాని ఆ లెక్కల్లో మీ పెరటిలోని మామిడిచెట్టు ఉందా? చీకట్లో భయపడి ఏడ్చిన మీ పసిబిడ్డ ఉన్నదా? నాలుగు రోజుల తరువాత ఫోను పనిచేసినప్పుడు, అవతల నుండి అక్కో, బాబాయో “మీరెలా ఉన్నారు? ఆ రాత్రి పిల్లలకు ఏం పెట్టారు?” అని అడిగారు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మనం ఆ ఒక్క ప్రశ్నకు కన్నీళ్ళు పెట్టుకొన్నాం. ఎందుకని? నష్టం ఎంతో అడగకుండా, మనం ఎలా ఉన్నామో అడిగారు కనుక.

ఈ అనుభవాన్ని మనసులో ఉంచుకొని ఈ వారం పాఠం చదవండి. యుద్ధం, వలస, కరువు, అంటురోగం, వేడెక్కుతున్న సముద్రం వంటివి ప్రపంచ సమస్యలంటాం. వాటి గురించి కతోలిక కుటుంబం ఎలా ఆలోచించాలి? ఎక్కడ మొదలు పెట్టాలి? నా తప్పునే మీకు ముందుగా చెబుతాను.

లెక్క చెప్పాను, మనిషిని చూడలేదు

2022 సెప్టెంబరు 25వ తేదీ వలసదారుల, శరణార్థుల ప్రపంచ దినం. ఆ ఆదివారం పూజ తరువాత జ్ఞానోపదేశం తరగతిలో పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఆ విషయం బోధించే పని నాకు అప్పగించారు. నేను బాగానే సిద్ధపడ్డాను. ఇళ్ళూ ఊళ్ళూ విడిచి పారిపోవలసి వచ్చినవారు ప్రపంచంలో 10 కోట్లు దాటారని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో వ్రాశాను. (2024 చివరికి ఆ లెక్క 12 కోట్లు కూడా దాటింది.) పోపు ఫ్రాన్సిస్ గారు 2013 జూలై 8న, రోము వెలుపల తమ మొదటి ప్రయాణంగా, ఇటలీ దక్షిణాన ఉన్న లాంపెదూసా దీవికి వెళ్ళటం వివరించాను. చిన్న పడవల్లో సముద్రం దాటబోయి మునిగిపోయిన వలసదారుల కోసం ఆయన అక్కడ పూజ చేశారు. దేవుడు ఆదామును ‘ఎక్కడ ఉన్నావు’ అని, కయీనును ‘నీ తమ్ముడు ఎక్కడ’ అని అడిగిన ప్రశ్నలను ఆయన ఆనాడు ప్రపంచానికి గుర్తుచేశారని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. నాకు సంతృప్తి కలిగింది.

తరగతి ముగిసి బల్ల తుడుస్తుంటే, గుమ్మం పక్కన చెప్పుల దగ్గర ఒకామె నిలబడి ఉంది. ప్రతి ఆదివారం వెనుక వరుసలో కూర్చొని, పూజ ముగియగానే వెళ్ళిపోయే మనిషి. మధురవాడ ఫ్లాట్లలో ఇంటిపని చేస్తుందని మాత్రం నాకు తెలుసు. ఊరు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు.

“మాస్టారూ, ఆ దేశాల సంగతి నాకు తెల్దు. మా ఇంటాయన కూడా సంద్రం మీదే ఉన్నాడు. ఎండాకాలం దాకా ఇంటికి రాడు. మాలాటోళ్ళ గురించి ఎవులూ సెప్పరేటి?” అన్నది.

ఆమె కోపంగా అనలేదు, తెలుసుకోవాలని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ‘నీ తమ్ముడు ఎక్కడ’ అనే ప్రశ్నను గంటసేపు పిల్లలకు వివరించినవాడిని, నా వెనుక వరుసలో కూర్చొన్న చెల్లెలి భర్త ఎక్కడ ఉన్నాడో ఎరుగను.

పరిశుద్ధ గ్రంథం నేర్పే పద్ధతి

ఆ రాత్రి బైబిలు తెరిచినప్పుడు నాకు ఒక సంగతి కొత్తగా కనబడింది. దేవుని వాక్యం పెద్ద పెద్ద సంఘటనలను ఎప్పుడూ ఒక ఇంటి కథగా చెబుతుంది.

లూకా సువిశేషం రెండవ అధ్యాయం చూడండి. రోమా చక్రవర్తి అగుస్తు తన సామ్రాజ్యమంతటా జనాభా లెక్కలు వ్రాయించమని ఆజ్ఞాపించాడు. లక్షలాది జనం ఊళ్ళకు కదిలి ఉంటారు. సువిశేషకారుడు ఆ లక్షల సంఖ్య చెప్పలేదు. నిండు చూలాలిని వెంటబెట్టుకొని నజరేతు నుండి బేత్లెహేముకు నడిచిన ఒక వడ్రంగి కథ చెప్పాడు. చక్రవర్తి పుస్తకంలో యోసేపు, మరియమ్మ రెండు అంకెలు. దేవుని పుస్తకంలో వారు తిరుకుటుంబం.

రూతు గ్రంథం కూడా అటువంటిదే. అది నాలుగు అధ్యాయాల చిన్న పుస్తకం. దేశంలో కరువు వచ్చింది. ఎంతమంది వలసపోయారో మనకు తెలియదు. మోవాబు దేశానికి వెళ్ళి, అక్కడ భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకొని, కోడలితో తిరిగివచ్చిన నవోమి అనే ఒక్క స్త్రీ కథ మాత్రం తెలుసు. ఆ కోడలు పొలాల్లో పరిగె ఏరుకొని అత్తను పోషించింది. ఆ వలస కోడలి వంశంలోనే దావీదు, ఆ తరువాత క్రీస్తునాథుడు జన్మించారు.

మరి దేవుడు తన ప్రజల కష్టం పట్ల ఏం చేస్తాడు? నిర్గమకాండం మూడవ అధ్యాయంలో, మండే పొద దగ్గర ఆయనే మోషేకు చెప్పాడు. అక్కడ నాలుగు పనులు ఉన్నాయి. ఆయన ఐగుప్తులో తన ప్రజల బాధను చూచాడు. వారి మొర విన్నాడు. వారి వేదనను ఎరిగాడు. వారిని విడిపించటానికి దిగివచ్చాడు. చూచుట, వినుట, ఎరుగుట, దిగివచ్చుట. ఈ నాలుగింటినీ వరుసగా ధ్యానిద్దాం. ఈ వరుస తప్పితే మన దానధర్మం కూడా దారి తప్పుతుంది.

1. చూచుట

మన మధురవాడ ఒకప్పుడు పంచాయతీ. ఇప్పుడు మహానగరంలో భాగం. ఒకవైపు కంప్యూటరు కంపెనీలు, క్రికెట్ స్టేడియం, ఎత్తయిన అపార్టుమెంట్లు. మరొకవైపు కొండవాలు కాలనీలు, నగరంలోని మురికివాడల నుండి తెచ్చి ఇళ్ళిచ్చిన కుటుంబాలు, శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశాల నుండి పనికోసం వచ్చినవారు. పూజలో మనం అందరం ఒకే పీఠం ముందు మోకరిస్తాం. బయటకు వచ్చాక మాత్రం మన పలకరింపులు తెలిసినవారితోనే ముగుస్తాయి.

చూడటం అంటే కళ్ళకు కనబడటం కాదు. ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరు ఆ ధనవంతునికి రోజూ కనబడ్డాడు. ఐనా అతడు చూడలేదు. ఎక్కడో ఉక్రెయినులో, గాజాలో జరుగుతున్నదానికి మనం బాధపడటం మంచిదే, అవసరం కూడా. అయితే దూరాన ఉన్నవాని కోసం కార్చే కన్నీరు, దగ్గర ఉన్నవానిని చూడకుండా చేసే తెర కాకూడదు. నిజానికి దగ్గర ఉన్నవానిని చూసినవాడికే దూరాన ఉన్నవాని బాధ అర్థమౌతుంది. ఆమె భర్తను గురించి విన్న తరువాతనే నాకు లాంపెదూసా పడవలు నిజంగా కనబడ్డాయి.

2. వినుట

ఎమ్మావు దారిలో యేసుప్రభువు ఏం చేశారో గమనించండి. ఇద్దరు శిష్యులు దిగులుతో నడుస్తున్నారు. యెరూషలేములో జరిగినదంతా ప్రభువుకు తెలుసు. జరిగింది ఆయనకే కదా! ఐనా ‘ఏమి జరిగింది’ అని అడిగారు. వారు మొదటినుండి చివరివరకు చెప్పుకొన్నదాకా ఊరుకొని విన్నారు. లేఖనాలు వివరించటం ఆ తరువాత. రొట్టె విరవటం ఇంకా తరువాత. మనం చాలాసార్లు వినకముందే ఉపదేశం మొదలుపెడతాం.

ఆ తరువాతి వారం ప్రార్థన కూటంలో ఆమెను అడిగాం. ఆమె సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. భర్త ఏటా ఆగస్టు రాగానే గుజరాతులోని వేరావల్ వెళతాడు. ఎవరో యజమాని బోటు. అందులో ఎనిమిది మంది. వారాల తరబడి సముద్రం మీదే ఉంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించే సమయానికి బోటు వేటలో ఉంది. తిరిగి హార్బరుకు వచ్చాక దిగవద్దన్నారు. ఒడ్డు కనబడుతూనే ఉంది, కాలు పెట్టటానికి లేదు. ఆ ఇరుకు బోటులోనే వంట, నిద్ర. ఫోనులో చార్జింగు అయిపోతుందని రెండు మూడు రోజులకు ఒకసారి నాలుగు మాటలు మాట్లాడేవాడు.

ఇక్కడ ఆమె పనిచేసే ఆరు ఇళ్ళూ ఆ వారమే గేటు మూసివేశాయి. రెండు ఇళ్ళవారు జీతం పంపారు. మిగతావారు మరచిపోయారు. ఆమె చెవిదిద్దులు తాకట్టు పెట్టింది. ఆ నెల రోజులూ రోజూ రాత్రి కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని, “నాన్న నీళ్ళ మీద ఉన్నాడు, మనం నేల మీద ఉన్నాం, ఇద్దరికీ దేవుడొక్కడే” అని చెప్పేదట.

ఆనాడు వేరావల్‌లో చిక్కుకొన్న మన ఆంధ్ర జాలరులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. 2020 ఏప్రిల్ నెలాఖరున బస్సులలో బయలుదేరి వారు ఇంటిదారి పట్టారు. ఆ నాలుగు వేలలో ఒకడు ఆమె భర్త. ఆ వార్త మనం పేపరులో చదివే ఉంటాం. చదివి పేజీ తిప్పి ఉంటాం.

ఆమె చెప్పటం ముగించాక కూటంలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మూలన కూర్చొన్న ఒక పెద్దావిడ నోరు విప్పింది. ఆమెది గోదావరి జిల్లా. కొడుకు ఉద్యోగరీత్యా మధురవాడలో ఉంటున్నది. 1990లో ఆమె కువైటులో ఒక ఇంట్లో పని చేసేది. ఆ ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులో ప్రవేశించింది. అక్కడి మన దేశస్థులను జోర్డాను రాజధాని అమ్మాను నుండి విమానాలలో తీసుకొనివచ్చారు. సుమారు 1,70,000 మందిని 488 విమాన ప్రయాణాలలో తెచ్చిన ఆ కార్యం చరిత్రలోకి ఎక్కింది. ఆవిడ చరిత్ర వేరు. ఎడారిలో గుడారం, నీళ్ళ కోసం తోపులాట, చేతిలో ఒక సంచి. ఇంటికి చేరాక చుట్టాలందరూ అడిగింది ఒకటే: “ఏం తెచ్చావు?” ఎలా వచ్చావు అని తల్లి తప్ప ఎవరూ అడగలేదట. “ముప్ఫై రెండేళ్ళకు ఈ వేళ చెప్పాను నాయనా” అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకొంది. పక్కనే కూర్చొన్న ఆమె కొడుకు కూడా ఆ కథ అదే మొదటిసారి విన్నాడు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనే అటువంటి కథ చెప్పకుండా మిగిలిపోయి ఉండవచ్చు. మీ అమ్మను, మీ తాతను ఎప్పుడైనా అడిగారా?

3. ఎరుగుట

విన్న తరువాత జాలిపడి ఊరుకోకూడదు. ఎందుకు ఇలా జరుగుతున్నదో తెలుసుకోవాలి. మోషేతో మాట్లాడిన దేవుడు ఇశ్రాయేలీయుల కన్నీళ్ళతో పాటు, వారిచేత పనిచేయిస్తున్న అధికారుల దౌర్జన్యాన్ని కూడా ప్రస్తావించాడు. బాధకు కారణం ఉంటుంది.

మన తూర్పు తీరాన ఇంత సముద్రం ఉండగా జాలరి పడమటి తీరానికి ఎందుకు పోతున్నాడు? శ్రీకాకుళం తీరం 190 కిలోమీటర్లకు పైగా పొడవు. అంత తీరానికి పెద్ద బోట్లు నిలిపే ఫిషింగ్ హార్బరు దశాబ్దాల తరబడి లేదు. దగ్గరలో పెద్దదంటే మన విశాఖ హార్బరే. ఒడ్డున తెప్ప వేసుకొని పోయేవాడు పెద్ద మర పడవలతో పోటీపడలేడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక అది అవసరమే. ఐతే ఆ రెండు నెలలు పొయ్యి వెలగాలి కదా. దానికి తోడు సముద్రమే మారుతున్నది. మనుషులు కాల్చే బొగ్గు, పెట్రోలు వల్ల భూమి మీద అదనంగా పోగయ్యే వేడిలో 90 శాతం దాకా సముద్రాలే పీల్చుకొంటున్నాయి. నీరు వేడెక్కితే చేపలు చల్లని చోటు వెదుక్కొని దూరానికో, లోతుకో పోతాయి. వేడినీరే తుఫానుకు బలం. ఏ ఒక్క తుఫానుకూ ఇదే కారణమని వేలు పెట్టి చూపలేము గాని, బలమైన తుఫానులు పెరుగుతాయని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు.

చూడండి! మన ఇంటి తలుపుకు మంచం అడ్డం పెట్టించినదీ, ఆ తల్లి భర్తను వేరావల్‌కు పంపుతున్నదీ ఒకే సముద్రం. పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో భూమి పెట్టే మొరను, పేదలు పెట్టే మొరను కలిపి వినాలని బోధించింది ఇందుకే. ఇవి రెండు మొరలు కావు.

ఆ ప్రయాణంలో ఉన్న అపాయం కూడా ఎరుగుదుము. 2018 నవంబరులో వేరావల్ నుండి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర జాలరులను, తమ జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాను పట్టుకొని కరాచీ జైలులో ఉంచింది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ సంఘటనే ఆధారం. సినిమా రెండున్నర గంటల్లో ముగుస్తుంది. ఆ ఇళ్ళల్లో ఆడవారు పదమూడు నెలలు రోజులు లెక్కపెట్టారు. నీళ్ళ మీద గీత కనబడదు. కనబడని గీత దాటినందుకు ఒక కుటుంబం అంత మూల్యం చెల్లించింది.

4. దిగివచ్చుట

మొదటి మూడూ చేసి నాలుగవది మానితే మనం ప్రేక్షకులం మాత్రమే. ఆకలితో ఉన్నవానికి చల్లగా ఉండమని దీవించి పంపివేస్తే ఏం లాభమని పునీత యాకోబు తన లేఖ రెండవ అధ్యాయంలో అడుగుతాడు. అందుకే మేమూ తొందరపడ్డాం. ఇక్కడ మరొక తప్పు చేశాం.

మరుసటి ఆదివారం నాటికి బియ్యం, నూనె, పాతవైనా మంచి చీరలు పోగుచేశాం. ఆమెకు ఇచ్చాం. కాదనకుండా, రెండు చేతులా కళ్ళకద్దుకొని తీసుకొంది. గుమ్మం దాటబోతూ ఆగి, “మాస్టారూ, బియ్యం కోటాలో వస్తన్నాయి. మా గుంటడికి ఎవులైనా లెక్కలు సెప్తారేటి?” అన్నది.

అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. కొడుకు తొమ్మిదవ తరగతి. తల్లి దిద్దులు తాకట్టు నుండి విడిపించటానికి రెండేళ్ళు పట్టటం చూసినవాడు. లెక్కల్లో తప్పుతున్నాడు. వచ్చే ఆగస్టులో తండ్రితోపాటు బోటెక్కుతానంటున్నాడు. చిన్నపిల్లలను మొదట బోటులో వంటకు తీసుకొంటారు. ఆమె కూటంలో అంతసేపు చెప్పింది ఈ ఒక్క మాట చెప్పటానికే. కథ విన్నాం గాని, ‘మేము ఏం చేయాలి’ అని ఆమెనే అడగలేదు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉన్నా, ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అన్నట్లుగా ప్రభువు ముందు అతనినే అడిగారు. మనం అడగం. మనకు తోచింది ఇస్తాం.

మా విచారణలో ఒక యువకుడు కంప్యూటరు కంపెనీలో పనిచేస్తాడు. వారానికి రెండు సాయంకాలాలు ఆ పిల్లవానికి లెక్కలు చెప్పటానికి ఒప్పుకొన్నాడు. తరువాత కాలనీలోని మరో నలుగురు పిల్లలు చేరారు. ఆ పిల్లవాడు 2024లో పదవ తరగతి ప్యాసయ్యాడు. ఇప్పుడు ఐటిఐలో డీజిలు మెకానిక్ పని నేర్చుకొంటున్నాడు. బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడట. సముద్రాన్ని విడిచిపెట్టడు గాని, దానిమీద ప్రాణం ఒడ్డనవసరం లేకుండా బ్రతుకుతాడు.

సమస్య తీరిపోయిందా? లేదు. అతని తండ్రి ఇప్పటికీ ఆగస్టు రాగానే వేరావల్ రైలు ఎక్కుతున్నాడు. సముద్రం ఇంకా వేడెక్కుతూనే ఉంది. మధురవాడలోని ఒక చిన్న విచారణ ప్రపంచాన్ని మార్చలేదు. దేవుడు ఆ లెక్క మనలను అడగడు. ‘నీ తమ్ముడు ఎక్కడ’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు ఉండాలి.

మూడు జాగ్రత్తలు

ఒకటి. కష్టం చెప్పుకొన్నవారి మాట పదిమందిలో చర్చకు పెట్టకండి. కూటంలో విన్నది కూటంలోనే ఉండాలి. సహాయం చేస్తూ ఫోటోలు తీసి ఫోనుల్లో పంపటం పేదవాని పరువు తీయటమే.

రెండు. “మా కష్టం ముందు మీదెంత” అని పోల్చకండి. ప్రతివాని సిలువ వానికి బరువే.

మూడు. చెప్పటానికి ఇష్టపడనివారిని బలవంతపెట్టకండి. కువైటు నుండి వచ్చిన పెద్దావిడ ముప్ఫై రెండేళ్ళు ఆగింది. మనం వాకిలి తెరచి ఉంచటమే చేయవలసింది.

ఈ వారం మీ కుటుంబంలో

రాత్రి జపమాల తరువాత టీవీ కట్టివేసి, నిర్గమకాండం మూడవ అధ్యాయం మొదటి పది వచనాలు ఒకరు చదవండి. తరువాత వీటిని గురించి మాట్లాడుకోండి:

హుద్‌హుద్ నాడు గాని, లాక్‌డౌన్ నాడు గాని మనలను పలకరించినవారు ఎవరు? వారికి కృతజ్ఞత చెప్పామా?

మన ఇంట్లో పనిచేసేవారి ఊరేది? వారి పిల్లలు ఏం చదువుతున్నారు? 2020లో వారికి జీతం ఇచ్చామా?

పూజలో మన వెనుక వరుసలో కూర్చొనే ఒకరి పేరు మనకు తెలుసా?

మన ఇంటి పెద్దలు ఇంతవరకు చెప్పని కథ ఏదైనా ఉన్నదా?

మనది రేవు పట్టణం. జూలై రెండవ ఆదివారం శ్రీసభ సముద్ర ఆదివారంగా పాటిస్తుంది. 1920లో గ్లాస్గో నగరంలో మొదలైన సముద్ర ప్రేషిత కార్యం నేటికీ రేవుల్లో నావికులను, జాలరులను పరామర్శిస్తున్నది. పడమటి తీరంలో జూలై ఆఖరుదాకా వేట నిషేధం కనుక, ఆ ఆదివారం నాటికి మన వలస జాలరులు ఇళ్ళ దగ్గరే ఉంటారు. మీ విచారణ గురువుల అనుమతితో ఆనాడు ఒక జాలరి కుటుంబాన్ని పిలిచి, పావుగంట మాట్లాడనివ్వండి. మీరు మాట్లాడకండి, వినండి.

ప్రార్థన

ఐగుప్తులో నీ ప్రజల మొర విన్న తండ్రీ, మా చెవులు తెరువుము. మా వాకిట నిలిచినవానిని చూచే కన్నులను, తొందరపడక వినే ఓపికను, అడిగి తెలిసికొనే వినయాన్ని మాకు దయచేయుము. సముద్రం మీద ఉన్నవారిని, వారి కోసం ఎదురుచూచే ఇళ్ళను కాపాడుము. ఇల్లు విడిచి ఐగుప్తుకు పారిపోయిన నీ కుమారుని పేరిట, ఆయనను పొత్తిళ్ళలో మోసిన మరియమాత వేడుదలతో ఈ మనవి ఆలకింపుము. ఆమెన్.